బాతు ఉంది

తాళాలాయన కొట్టు బస్సులు ఆగే చోటికి ఎదురుగా, మందుల షాపుకీ చెప్పుల షాపుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. లోపల ఇద్దరు నిలబడితే మూడోవాడు బయటి నుంచే మాట్లాడాలి. గోడ నిండా మేకులకు పళ్లు కోయని తాళంచెవులు గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి. తాళంచెవిని కదలకుండా పట్టే వైసు ఒకటి బల్లకు బిగించి ఉంటుంది, దాని కింద ఎప్పుడూ ఇత్తడి పొడి. మొరాయించిన తాళం ఎవరైనా తెస్తే ఆయన ముందు చూడడు. చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా తిప్పుతాడు, లోపల ఎక్కడ పట్టేసిందో వింటాడు. "కళ్లు అందరికీ ఉంటాయి. చెవి ఉండాలి" అంటాడు. అరవైకి రెండేళ్లు తక్కువ. పొట్టి మనిషి. మెడ ముందుకు చాచి నడుస్తాడు, తనకంటే ముందు ఎవరో అక్కడికి చేరిపోతున్నట్టు.

ఊళ్లు పట్టుకు తిరిగే అలవాటు నాది. అసూయపరుల్ని చాలా చోట్ల చూశాను. చాలామంది దాన్ని వేరే బట్ట కప్పి తిప్పుతారు: న్యాయం అంటారు, పద్ధతి అంటారు, మీ మంచికే అంటారు. తాళాలాయన అసూయకి ఆ ముసుగు లేదు. చెప్పుల షాపు బోర్డు మీది అక్షరాలు తన బోర్డు మీది వాటికంటే వేలెడు పెద్దవని తెలిసి, బోర్డు దించి మళ్లీ రాయించాడు. రిటైరైన బస్సు కండక్టరు, అంటే పిట్టల గుంపులో మా జోడీగాడు, కొత్త టెలిస్కోపు తెచ్చుకుంటే నెల్లాళ్లు దాని వైపు తల తిప్పలేదు. "ఒకసారి ఇందులోంచి చూడవయ్యా" అని కండక్టరు బతిమాలితే, "నా కళ్లకింకా పెన్షన్ రాలేదు" అన్నాడు.

పిట్టల గుంపు అన్నాను కదా. ఆ ఊరి చివర మూడు చెరువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. పెద్ద చెరువు, నడిమి చెరువు, రెల్లు చెరువు. చలికాలంలో మూడూ గడ్డకడతాయి. వసంతం రాగానే గడ్డ నడిమధ్య నుంచి విచ్చుకుంటుంది, ఆ నీళ్ల మీదికి దక్షిణం నుంచి బాతులూ ఉల్లంకులూ కొంగలూ దిగుతాయి, కొన్నాళ్లుండి ఇంకా ఉత్తరానికి పోతాయి. ఆ రెండు నెలలూ ప్రతి ఆదివారం పొద్దున్నే పడవల షెడ్డు దగ్గర ఐదారుగురం కలిసి చెరువుల చుట్టూ నడుస్తాం. నేనూ పిట్టలతో పాటే వచ్చి, పిట్టలతో పాటే పోతాను. షెడ్డు వెనక గది నాకు అద్దెకిస్తారు.

షెడ్డులో గొలుసుకి వేలాడదీసిన ఒక పుస్తకం ఉంది. లావుపాటి అట్ట, మూలలు నలిగిపోయాయి. ఎప్పుడో చనిపోయిన డ్రాయింగు మాస్టారు మొదలుపెట్టింది. ఏ జాతి పిట్ట ఆ ఏడాది మొదట ఏ రోజున వచ్చింది, ఎవరు చూశారు, అంతే అందులో ఉండేది. మాస్టారు మొదటి పుటలోనే కట్టుబాట్లు రాసి పెట్టాడు. ఒకరు చూస్తే చాలదు, రెండో మనిషి కూడా చూసి సంతకం పెట్టాలి. రాసింది కొట్టెయ్యకూడదు, తప్పయితే కింది వరుసలో తప్పని రాసుకోవాలి. మామూలుగా అందరికంటే ముందొచ్చేది సూదితోక బాతు. మెడకి తెల్ల చార, వెనక సూదిలాంటి పొడుగు తోక. అందుకని ప్రతి ఏడాదీ పుటలో మొదటి గీత సూదితోకదే. దాన్ని చూసినవాడి పేరు ఆ ఏడాదంతా పుట నెత్తిన ఉంటుంది.

పందొమ్మిదేళ్లుగా ఆ పేరు తాళాలాయనది.

నవ్వకండి. ఒక ఊళ్లో ఫలానా చెట్టు మొదటి పువ్వు తన కళ్లబడాలని కిటికీ దగ్గరే భోంచేసే పోస్టుమాస్టరుని చూశాను. ఇంకో చోట ఇద్దరు అన్నదమ్ములు, మొదటి మంచు ముందు ఎవరి చూరు మీద పడిందన్న దాని మీద మాటలు మానేశారు. తాళాలాయన పుట్టిన ఊరు దాటి ఎక్కడికీ పోలేదు. ఊళ్లో సగం ఇళ్ల తలుపులు తీయగలడు, ఒక్క ఇంట్లోకీ పిలుపు లేదు. ఆ పుస్తకం పుట నెత్తిన తప్ప ఇంకెక్కడా ఆయన ముందు లేడు. ఆ గీత పోతే ఆయనకి ఏం మిగులుతుందో నాకు తెలుసు. ఆయనకి ఇంకా బాగా తెలుసు.

కిందటి శరత్తులో, చలి మొదలవక ముందు, ఆయన మరదలు వచ్చింది. భార్యకి చెల్లెలు, యాభై దాటిన మనిషి, భర్త పోయి చాలా ఏళ్లయింది. నీళ్ల శాఖలో చెరువు మట్టం రాసే ఉద్యోగం. వేరే చెరువు నుంచి ఇక్కడికి బదిలీ అయితే, అక్కగారింట్లో పై గదిలో దిగింది. రోజూ ఆరింటికల్లా పెద్ద చెరువు ఒడ్డున పంపుహౌసు దగ్గరికి పోయి, నీళ్లలో పాతిన కొలత స్తంభం మీద అంకె చూసి, రిజిస్టరులో రాయాలి. పొడుగ్గా, సన్నగా, నిటారుగా ఉంటుంది. వచ్చిన రెండో రోజునే బావగారు ఆవిడకి 'కొలబద్ద' అని పేరు పెట్టాడు. ఆవిడ నవ్వింది. "కొలబద్దకి అంకెలుంటాయి బావగారూ, మీ ఎత్తు కొలిచి చెప్పమంటారా" అంది. ఆయన ఆ పూట కూరలో ఉప్పు లేదన్నాడు.

అసలు చిక్కు మొదలైంది ఆవిడ కళ్ల వల్ల. బైనాక్యులర్స్ లేవు, పిట్టల పుస్తకం లేదు. పేర్లూ అంతంతమాత్రం. ఒకరోజు టీ తాగుతూ మామూలుగా అంది: "ఇవాళ కాలవ దగ్గర ఒక పిట్ట కనబడింది, ముక్కు పైకి వంపు తిరిగి ఉంది." తాళాలాయన కప్పు కింద పెట్టేశాడు. ఆ ముక్కు కోసం ఆయన ఆరేళ్లుగా రెల్లు చెరువు బురదలో మోకాళ్ల దాకా దిగుతున్నాడు. "కొంగ అయ్యుంటుంది" అన్నాడు. "కొంగని నేనెరుగుదును" అంది ఆవిడ. మర్నాడు కండక్టరు కూడా చూశాడు. రెండో సంతకం పడింది. ఆ ఏడాది పుట చివర మరదలి పేరు ఎక్కింది.

చలికాలమంతా ఆయనకి అదే ధ్యాస. రోజూ చెరువుకి పోవడం ఆవిడ ఉద్యోగం. గవర్నమెంటు జీతమిచ్చి మరీ ఆవిణ్ణి పిట్టల దగ్గరికి పంపుతోందన్నది ఆయన ఫిర్యాదు. తాను వారానికి ఆరు రోజులు ఇత్తడి పొడిలో కూర్చోవాలి. పై గది తలుపుకి పాత బందులు, తెరిస్తే ఇల్లంతా వినబడేలా కిర్రుమనేవి. తాళాలాయన ఇంట్లో తలుపు కిర్రుమంటోందంటే నలుగురూ ఏమనుకుంటారని ఆయన భార్య పోరేది.

"కాస్త నూనె చుక్క వెయ్యండి. చెల్లెలు సిగ్గుపడుతోంది."

"సిగ్గెందుకు, పొద్దున్నే లేచి పనికి పోతోందని అందరికీ తెలియడం మంచిదే కదా."

ఆవిడెప్పుడు లేస్తుందో తనకి తెలియాలని ఆ బందుల్ని అలాగే వదిలేశాడు. భార్యకీ ఆ సంగతి తెలుసు. ఆయన దాచలేడని ముందే చెప్పాను.

ఈ ఏడాది నేను వచ్చేసరికి పెద్ద చెరువు మధ్యలో గడ్డ విడిచి, చాప పరిచినంత నీళ్లు కనబడుతున్నాయి. ఆయన కొట్టు కట్టేసి మూడు రోజుల నుంచి ఒడ్డునే ఉన్నాడు. నాలుగో రోజు పొద్దున మరదలి తలుపు కిర్రుమనక ముందే నా గది తలుపు తట్టాడు. "పెద్దాయనా, లేవండి. ఇవాళ వస్తాయి. గాలి మారింది." ముక్కులోంచి పొగలా ఊపిరి వస్తున్న చలి. గట్టు మీద నిలబడి గంటసేపు ఏమీ లేని నీళ్లని చూశాం. అప్పుడు తుంగ పక్క నుంచి ఒక పక్షి నీళ్ల మధ్యకి ఈదుతూ వచ్చింది. మెడకి తెల్ల చార. సూదిలాంటి తోక.

ఆయన చెయ్యి నా మోచేతి మీద పడింది. ఇరవై ఏళ్ల కుర్రాడికి మొదటి ఉత్తరం వస్తే మొహం అలా ఉంటుంది.

ఇంతలో వల వేసేవాళ్ల పడవ ఒకటి గడ్డ అంచున చప్పుడు చేసుకుంటూ వచ్చింది. బాతు లేవలేదు. ఈదుకుంటూ మళ్లీ తుంగలోకి దూరింది.

"ఎగరలేదే" అన్నాను నేను.

"ఎక్కడెక్కడి నుంచో ఎగిరి ఇప్పుడే దిగింది. అలసట ఉండదా? మీరు బస్సు దిగిన రోజున పరిగెత్తారా?"

పరిగెత్తలేదు. అదీకాక వేళ్లు కొంకర్లు పోతున్నాయి, షెడ్డులో టీ మరుగుతోంది. సంతకం పెట్టేశాను. నా తప్పు ఇక్కడుంది, ఇందులో చలిని నిందించి లాభం లేదు. బాతు నీళ్ల మీద ఉంటే ఎంత చూశామో అంతే. రెక్క విప్పితేనే దాని కథ తెలుస్తుంది. అది తెలిసిన ఇద్దరు ముసలివాళ్లం, తెలిసీ రాసేశాం.

ఆ ఆదివారం షెడ్డులో ఆయన పుట తెరిచి, గొంతు సవరించుకుని చదివాడు. కండక్టరు చప్పట్లు కొట్టి, "ఇరవయ్యోది. ఇక నీ పేరు ముందే అచ్చు వేయించి పెడదాం" అన్నాడు. ఆ రోజు ఆయన భార్య కూడా వచ్చింది. ఆవిడకి పిట్టలంటే పెద్ద ఇష్టం లేదు. ఫ్లాస్కు పట్టుకుని వస్తుంది, ఫ్లాస్కు పట్టుకుని పోతుంది. మరదలు పుస్తకం మీదికి వంగి చూసింది.

"ఎక్కడ చూశారు బావగారూ?"

"పెద్ద చెరువు మధ్యలో. రాశాను కదా."

"ఎగురుతుండగానా, నీళ్ల మీదా?"

"నీళ్ల మీద. ఏం, నీళ్ల మీద ఉంటే బాతు కాదా?"

"బాతే" అందావిడ.

ఇంకేదో అనబోయింది. అక్క ఆవిడ చేతిలో టీ కప్పు పెట్టి, చెయ్యి వదలకుండా అలాగే పట్టుకుంది. నేను చూశాను. అర్థం మాత్రం కాలేదు.

ఆ మధ్యాహ్నం తాళాలాయన ఈలవేసుకుంటూ ఇంటికి పోయి, పై గది తలుపుకి కొత్త బందులు బిగించాడు. నూనె కూడా కాదు, సరికొత్త ఇత్తడి బందులు. తలుపు పిల్లి నడిచినట్టు తెరుచుకుంది. "గెలిచినవాళ్ల చేతికి పని బాగా వస్తుంది" అంది మరదలు. "నేర్చుకో" అన్నాడాయన.

నాలుగు రోజుల తర్వాత, పొద్దున ఏడు కూడా కాకుండానే ఆవిడ కొట్టు దగ్గరికి వచ్చింది. నా మోకాలు వాచి ఉంది, నేను గుమ్మం పక్క స్టూలు మీద కూర్చుని ఉన్నాను. ఆవిడ ఎప్పుడు లేచి వెళ్లిందో ఆయనకి తెలియలేదు. బందుల పుణ్యం.

"బావగారూ, ఒకసారి పంపుహౌసు వెనక్కి రండి. సూదితోకలు దిగాయి. పదకొండు. రెండో మనిషి కావాలి."

ఆయన వైసులో తాళంచెవిని ఆకురాయితో రుద్దుతూనే ఉన్నాడు. "మొదటి గీత అయిపోయింది. ఇక పదకొండైతేనేం, నూటపదకొండైతేనేం?"

"అలాంటప్పుడు చూడ్డానికి భయమెందుకు?"

"భయమా?"

"రాకపోతే పోనీలెండి. దగ్గర్లో మీరే ఉన్నారని వచ్చాను. కండక్టరు గారింటికి పోయొచ్చేసరికి ఎగిరిపోతాయి."

కండక్టరు పేరు పని చేసింది. ఆయన చేతులు తుడుచుకుని, కొట్టు నాకప్పగించి, ఆవిడ వెనక నడిచాడు. వెనక కాదు, పక్క సందు దాటగానే ముందుకెళ్లిపోయాడు.

అక్కడ ఏం జరిగిందో నాకు ఇద్దరూ వేరువేరుగా చెప్పారు. ఒక్క చోట తప్ప ఇద్దరి మాటా ఒకటే.

పంపుహౌసు వెనక మిషన్ల నుంచి వేడినీళ్లు బయటికి వచ్చి ఒక మడుగులో పడతాయి. ఊరంతా గడ్డకట్టినా ఆ మడుగు గడ్డకట్టదు. అక్కడి నుంచి సన్నటి దారిలా నీళ్లు పెద్ద చెరువులోకి పోతాయి. గోడ పక్కన నిలబడి చూస్తే మడుగులో సూదితోకలు. ఆయన లెక్కపెట్టాడు. పన్నెండు.

"పదకొండన్నావు."

"వచ్చినవి పదకొండు" అందావిడ.

అప్పుడే పై నుంచి ఒక డేగ నీడ నీళ్ల మీదుగా జారింది. బాతులన్నీ ఒక్కసారి లేచాయి, చేటలో గింజలు ఎగరేసినట్టు. ఒకటి లేవలేదు. లేవాలని చూసింది. ఎడమ రెక్క విచ్చుకుంది, కుడిది సగంలో విరిగిన గొడుగులా వేలాడింది. నీళ్లని టపటపా కొట్టుకుంటూ గట్టు కిందికి పోయి దాక్కుంది. మెడకి తెల్ల చార, తోక సూది, అన్నీ ఉన్నాయి. పైన పదకొండూ ఒక చుట్టు తిరిగి ఉత్తరానికి పోయాయి.

ఇక్కడే ఇద్దరి మాటా కలవదు. ఆవిడ నవ్విందని ఆయనంటాడు. నవ్వలేదని ఆవిడంటుంది. నాకు ఆవిడ మాట మీదే నమ్మకం, కానీ ఆయనకి నవ్వు వినబడిందన్నదీ నిజమే.

"ఇది ఎప్పట్నుంచి ఉంది?"

ఆవిడ పంపుహౌసు లోపలికి తీసుకెళ్లి, మట్టం రిజిస్టరు ఆయన ముందు పెట్టింది. తేదీ, వేళ, మట్టం, విశేషాలు. గళ్లు గీసిన పెద్ద పుస్తకం. విశేషాల గడిలో మామూలుగా గేటు తుప్పు పట్టిందనో గాలి ఎక్కువుందనో రాస్తారు. ఆవిడ ఉద్యోగంలో చేరిన మూడో రోజు గడిలో ఇలా ఉంది: 'మడుగులో బాతు. కుడి రెక్క విరిగింది.' ఆ కిందంతా, రోజూ, గుండ్రటి చేతిరాతలో రెండే మాటలు: 'బాతు ఉంది.' ఇంకో పుట తిప్పాడు. బాతు ఉంది. ఇంకో పుట. మంచు తుఫాను వచ్చిన వారంలో మట్టం గడిలో 'గడ్డ, కనబడలేదు' అని ఉంది. విశేషాల గడిలో మాత్రం బాతు ఉంది. చలికాలమంతా ఉంది. ఆయన దుప్పటి కప్పుకుని, ఈవిడ పై గది తలుపు చప్పుడు లెక్కపెడుతూ పడుకున్న ప్రతి పొద్దున్నా ఉంది.

ఎవరైనా ఓడిస్తే ఆయన తట్టుకునేవాడు. ఓడించినవాణ్ణి తిట్టుకుంటూ పదేళ్లు బతకొచ్చు, అదొక ఆసరా. కానీ ఇక్కడ ఆయనతో ఎవరూ పందెమే వెయ్యలేదు. ఆవిడ పరుగెత్తలేదు. రోజూ పోయి, చూసి, రాసింది.

కొట్టుకి తిరిగొచ్చి ఆయన రుద్దుతున్న తాళంచెవి మళ్లీ మొదలుపెట్టి, పళ్లన్నీ అరగదీసి పారేశాడు. సాయంత్రం నన్ను కూడా ఇంటికి తీసుకెళ్లాడు, ఒక్కడే పోలేక. వంటింట్లో ఆయన భార్య బట్టలు మడతపెడుతోంది.

"నీకు తెలుసా?"

"ఏది? బాతు సంగతా? తెలుసు. ఇంట్లో గింజలు డబ్బా డబ్బా ఎక్కడికి పోతున్నాయనుకున్నారు?"

"నాకెందుకు చెప్పలేదు?"

"అది చెబుతానంది. పోయిన ఆదివారం పుస్తకం చూడగానే నోరు తెరవబోయింది. నేనే చెయ్యి పట్టుకున్నాను. పందొమ్మిదేళ్లు ఏలారు, ఈ ఏడాది కూడా ఏలుకోనీ అనుకున్నాను."

"అంటే అక్కచెల్లెళ్లిద్దరూ కలిసి నాకు దానం చేశారన్నమాట."

"దానం చేసే తీరిక ఎవరికుంది? మీరు మూతి ముడుచుకుని కూర్చుంటే ఏడాదంతా ఎదురుగా కూర్చుని తినాల్సింది నేను." ఆవిడ ఒక చొక్కా దులిపి మడతపెట్టింది. "ఇవాళ పొద్దున చెరువు నుంచి వచ్చి మళ్లీ అంది, అసలువి వచ్చాయక్కా, ఇక దాచలేను అని. నువ్వు చెప్పకు, ఆయన్నే తీసుకెళ్లి చూపించు, ఆయన తన కళ్లు చెబితేనే వింటారు అన్నాను."

మరదలు పై నుంచి దిగి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆయన ఆవిడ వైపు చూడలేదు.

"నువ్వు ఆదివారం ఏం రాస్తావు?"

"నేనేం రాయను బావగారూ. రెండో సంతకం లేనిది రాయకూడదు కదా. మీరే చెప్పారు."

అంతే అంది. మళ్లీ పైకి వెళ్లిపోయింది. తలుపు చప్పుడు కాలేదు.

ఇక అంతా ఆయన చేతిలోనే ఉంది. ఆ పదకొండూ ఎగిరిపోయాయి, చూసింది ఇద్దరే. ఆయన సంతకం పెట్టకపోతే అవి వచ్చినట్టే లేదు. మొదటి గీత అలాగే ఉంటుంది, ఇరవయ్యోది. అడిగేవాళ్లు లేరు. మిగిలిన రెండు రోజులూ ఆయన నా గదికి వచ్చి కూర్చుని ఇదే విషయాన్ని తిప్పి తిప్పి, తాళాన్ని చెవి దగ్గర పెట్టుకున్నట్టే విన్నాడు.

"ఎగరలేదని మీరు ఆ రోజే అన్నారు."

"అన్నాను."

"అనీ సంతకం పెట్టారు."

"పెట్టాను."

"అంటే మీరూ నాలాంటివాళ్లే."

"నేను టీ కోసం పెట్టాను. మీరు పేరు కోసం రాశారు. పెద్ద తేడా లేదు."

చివరికి ఆయన, "మట్టం చూడ్డానికి పోయే మనిషికి బాతెందుకు?" అన్నాడు. నేనైతే ఇన్నేళ్లుగా వచ్చేవాటినీ పోయేవాటినే చూస్తూ తిరిగాను. ఉండిపోయినదాన్ని రోజూ వెళ్లి చూడాలన్న ఊహ నాకెప్పుడూ రాలేదు. ఇది రాస్తుంటే ఆవిడ మీద నాకూ కొంచెం అసూయగానే ఉంది.

ఆదివారం షెడ్డుకి అందరూ వచ్చారు. ఆయన పుస్తకం తెరిచాడు, ఏమీ చదవలేదు. పెన్ను తీసి మొదటి గీత కింద చిన్న అక్షరాల్లో, వీలైనంత చిన్న అక్షరాల్లో రాశాడు: 'పైన రాసింది కొత్తగా వచ్చిన బాతు కాదు. ఆ బాతు కిందటేడు వెళ్లనే లేదు. తప్పు నాది.' పెన్ను నా వైపు తోశాడు. 'నాది కూడా' అని పక్కన రాశాను. దాని కింది వరుసలో మరదలి పేరు, పదకొండు సూదితోకలు, తేదీ. రెండో మనిషి గడిలో ఆయన సంతకం. ఇరవై ఏళ్లలో ఆ గడిలో ఆయన సూదితోకకి సంతకం పెట్టడం అదే మొదలు. సంతకం గడి దాటి పక్కకి పోయింది.

కండక్టరు అద్దాలు సవరించుకుని మొత్తం చదివి, "ఓర్నీ" అన్నాడు.

అక్కడితో ఆగితే ఆయన తాళాలాయనే కాదు. పుస్తకం చివరికి తిప్పి, ఖాళీ పుట మీద జేబులోంచి స్కేలు తీసి గళ్లు గీశాడు. పైన పెద్ద అక్షరాలతో 'ఉండిపోయినవి' అని రాశాడు.

"ఇదేమిటి కొత్తగా?" అన్నాడు కండక్టరు.

"డ్రాయింగు మాస్టారికి కూడా తట్టలేదు. వెళ్లలేక ఇక్కడే చలికాలం గడిపిన పిట్టలకి ఒక పుట. మొదటిది సూదితోక. చూసింది నేను. రెండో సంతకం పెద్దాయనది. మొదటి గీత."

మొహంలో వెలుగు వచ్చేసింది. పేరు మొదటి అక్షరం రాయబోతున్నాడు.

"తేదీ ఏం వేస్తారు బావగారూ?" అంది మరదలు.

పెన్ను ఆగింది. తేదీ ఆయనకి తెలుసు. ఆ రిజిస్టరు మొదటి పుట ఆయన కళ్ల ముందే ఉంది, ఆవిడ ఉద్యోగంలో చేరిన మూడో రోజు. బయట నీళ్లు పడవ అడుగున తడుతున్నాయి. ఆయన ఆ తేదీ వేశాడు. పక్కన మరదలి పేరు రాశాడు. ఒక్కో అక్షరం ఇత్తడిలో కోస్తున్నట్టు రాశాడు.

"సరే, రెండో సంతకం నేను పెడతాను" అన్నాడు, గడి మీదికి వంగుతూ.

"మీరెప్పుడు చూశారు, నిన్నగాక మొన్న" అంది ఆయన భార్య. ఫ్లాస్కు కింద పెట్టి ముందుకొచ్చింది. "దానికి జ్వరం వచ్చిన రోజున గింజలు నేనే పట్టుకెళ్లాను. చలికి చచ్చాను. చూశాను, నిక్షేపంలా ఉంది బాతు. ఇటివ్వండి."

పందొమ్మిదేళ్లు ఫ్లాస్కు మోసిన మనిషి ఆ పుస్తకంలో మొదటిసారి సంతకం పెట్టింది. అందమైన సంతకం. ఆయన దాని వైపు చూసిన చూపు, చెప్పుల షాపు బోర్డు మీది అక్షరాల్ని చూసిన చూపే.

మర్నాడు పొద్దున నేను చెరువు గట్టుకి పోతూ వాళ్ల ఇంటి ముందు నుంచి నడిచాను. ఆరు ఇంకా కాలేదు. పై గది తలుపు వీధి దాకా వినబడేలా కిర్రుమంది. పాత బందులు మళ్లీ బిగించాడు. ఆ వెంటనే కింది తలుపు తెరుచుకుంది, ఆయన ఒక చెయ్యి కోటులో దూర్చుకుంటూ బయటికి వచ్చాడు, జేబులోంచి గింజలు రాలుతున్నాయి. మరదలు మెట్లు దిగుతోంది.

"బావగారూ, నిదానం. అది ఎక్కడికీ పోదు."

ఆయన వినిపించుకోలేదు. మెడ ముందుకు చాచి, ఆవిడకంటే నాలుగడుగులు ముందు పంపుహౌసు వైపు నడిచిపోయాడు.